గుంట మగ్గం ఇంట్లో కవలలు

అల్లిక సూదులైతే సంచిలో వేసుకుని ఊరికి పోవచ్చు. మన కురుబ కాపరులు గొర్రెల వెంట నడుస్తూనే కదురుతో ఉన్ని వడుకుతారు. ధర్మవరం గుంట మగ్గానికి ఆ వెసులుబాటు లేదు, అది ఇంటి నేలలోనే దిగబడి ఉంటుంది. ఇక ఆ ఇంట్లో కవలలు పుడితే? ఒకడికి పాలు పట్టి లేచేలోపు రెండోవాడు పడుగు కిందికి దూరతాడు. తెగిన పట్టుపోగు అతకాలంటే వెలుతురూ ఓపికా రెండూ కావాలి.

మరి పిల్లల్ని బయటికి తీసుకుపోయేదెప్పుడు? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. ఆ కాస్త వానకే గుంటలో చెమ్మ చేరి నేత ఆగుతుంది. రైతు ఎదురుచూసిన వాన నేతన్నకు కూలి లేని రోజు. దాన్ని సెలవు అనడానికి నాకు నోరు రాదు. అయినా పిల్లలకు అమ్మ దొరికే రోజు అదే. కాస్త తెరపి ఇవ్వగానే లేపాక్షి బసవన్న దగ్గరికి బస్సెక్కండి.

కదిరి తేరు సంగతి వేరు. అది వచ్చే ఫాల్గుణంలో మగ్గం జోరుగా ఆడుతుంటుంది. చీర గడువు గురించి షావుకారుతో ముందే మాట్లాడుకోండి. అమ్మ చంకన ఒకరు, నాన్న భుజాన ఒకరు. కదిరి మల్లెలు కూడా అప్పుడే మొదలవుతాయి, ధర ఎంతున్నా ఒక మూర కొనుక్కోండమ్మా.