చీటీలో రాని వాళ్ళు

రెండేళ్ళ క్రితం వానలు మొదలయ్యే ముందు మా వీధిలో చీటీలు వేశారు. డబ్బుల చీటీలు కావు, దోమతెరల చీటీలు.

మాది రాయగడ. చుట్టూ కొండలు, అడవి, గెడ్డలు. నాలుగు వానలు పడితే చాలు, ఏదో ఒక ఇంట్లో చలిజ్వరం మొదలైపోతుంది. అంతకుముందు వచ్చిన తెరలు చాలా ఇళ్ళలో చిరిగిపోయాయి. అందుకని మా వీధి కుర్రాళ్ళు కిందటి వినాయక చవితికి వసూలు చేసి మిగిలిన డబ్బుతో మందు పట్టించిన తెరలు కొన్నారు. ఇళ్ళు అరవై రెండు, తెరలు నలభై. గొడవ రాకూడదని ఇంటి పేర్లు రాసి, స్టీలు బిందెలో వేసి, ఒక చిన్నపాప చేత తీయించారు. లెక్క రాసింది మా నాన్న. మా ఇంటికి వచ్చింది. ఎదురింట్లో ఉండే మా పిన్ని వాళ్ళకి రాలేదు. పిన్నికి అప్పుడు అయిదో నెల.

ఆరో నెలలో పిన్నికి జ్వరం వచ్చింది. ఆశా దీదీ వేలు పొడిచి కిట్ మీద రక్తం చుక్క వేసి చూసి, మలేరియా, అందులోనూ ఫాల్సిపారం అంది. మందులు వేసుకుంది, జ్వరం తగ్గింది. కానీ పిన్నికి రక్తం బాగా తగ్గిపోయింది. తమ్ముడు కిలో తొమ్మిది వందల గ్రాములతో పుట్టాడు. రెండున్నర కిలోలు ఉంటే గాని సరైన బరువు కాదట. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. మా వంటింట్లో చెంచాలన్నీ ఎత్తుకెళ్ళి దాచేది వాడే.

చీటీలు వేయడం న్యాయమే అని నేను అప్పుడు అనుకున్నాను. ఎవరి పక్షమూ లేదు కదా. ఈ ఏడాది మా సైన్సు మాస్టారు కెన్యా దేశంలో జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పిన దగ్గర్నుంచి ఆ న్యాయం మీద నాకు అనుమానం పట్టుకుంది.

కెన్యాకి పడమటి వైపు, విక్టోరియా సరస్సు దగ్గర, సియాయా అనే ప్రాంతం ఉంది. పేద ప్రాంతం, మలేరియా ఎక్కువ. అక్కడ 2012, 2013 ప్రాంతంలో ముప్పై స్కూళ్ళలో 14 నుంచి 16 ఏళ్ళ ఆడపిల్లల మీద ఒక పరిశోధన చేశారు. నెలసరి గురించి. (ఈ పేరా నాన్నలు, అన్నయ్యలు, మాస్టార్లు కూడా చదువుతారని తెలుసు. అయినా రాస్తున్నాను. పిన్నికి వచ్చిన జ్వరం గురించి రాయొచ్చు, దీని గురించి రాయకూడదంటే ఎలా?) అక్కడ చాలామంది పిల్లలకి ప్యాడ్లు కొనుక్కునే డబ్బు లేదు. పాత గుడ్డలు, పరుపులోంచి పీకిన దూది, ఏది దొరికితే అది. అందుకని స్కూళ్ళని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నెలసరి కప్పులు ఇచ్చారు. అంటే సిలికాన్‌తో చేసిన చిన్న కప్పు, కడుక్కుని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. రెండో గుంపుకి నెలనెలా ప్యాడ్లు. మూడో గుంపుకి రెండూ లేవు, వాళ్ళు ఎప్పటిలాగే ఉండాలి. సబ్బు, శుభ్రత పాఠాలు మాత్రం అందరికీ ఇచ్చారు.

నాకు పదిహేనేళ్ళు. మాస్టారు మూడో గుంపు అనగానే నేను అందులోనే కూర్చున్నట్టు అనిపించింది. మాకు ఒడిశాలో 2018 నుంచి ఖుషీ పథకం ఉంది, స్కూల్లో ప్యాడ్లు ఇస్తారు. ఆ పిల్లలకి మాలాగే ఇవ్వొచ్చు కదా? పరిశోధకుల దగ్గర ఉన్నాయి కదా?

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే అమ్మకి కోపం వచ్చింది. "పేదోళ్ళ పిల్లలు కాబట్టి అలా చేశారు. వాళ్ళ ఊళ్ళో సొంత పిల్లలైతే ఇచ్చి ఊరుకునేవాళ్ళు కాదా?" అంది. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. మూడో గుంపు పిల్లలకి ఉన్నది పోలేదు, నిజమే. కానీ ఇవ్వగలిగిన మనిషి పక్కనే నిలబడి లెక్క రాసుకుంటున్నాడు. అది మామూలు పేదరికం కంటే ఇంకోలా ఉంటుంది.

మరునాడు మాస్టారిని ఇదే అడిగాను. ఆయన "ఫలితం ఏమొచ్చిందో చెప్పనా?" అన్నారు. కప్పులు, ప్యాడ్లు ఇస్తే పిల్లలు చదువు మానేయడం తగ్గుతుందని చాలామంది అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. తీరా చూస్తే చదువు మానేసిన వాళ్ళ లెక్క మూడు గుంపుల్లోనూ పెద్ద తేడా లేదు. కానీ ఇంకొకటి బయటపడింది. కప్పులు, ప్యాడ్లు వాడిన పిల్లల్లో కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు తక్కువగా ఉన్నాయి.

మూడో గుంపు లేకపోతే ఈ రెండూ తెలిసేవి కావు. ప్యాడ్లు పంచి, స్కూల్లో మిగిలిన పిల్లల్ని లెక్కపెట్టి, ఇదంతా మా ప్యాడ్ల వల్లే అని ఫొటోలు తీసుకునేవాళ్ళు. పిల్లలు చదువు మానడానికి అసలు కారణం ఏదో, ఫీజో, ఆకలో, పెళ్ళో, అది అలాగే ఉండిపోయేది. కాబట్టి ఏమీ అందుకోని ఆ అమ్మాయిలు కూడా ఒకటి ఇచ్చారు. మాకు తెలియనిది తెలియజేశారు.

అదే ప్రాంతంలో అంతకుముందు, 1990ల చివర్లో, దోమతెరల మీద కూడా ఇలాగే పరిశోధన జరిగింది. రెండు వందలకు పైగా ఊళ్ళు. సగం ఊళ్ళకి ముందు, మిగతా సగానికి పరిశోధన అయ్యాక ఇచ్చారు. తెరలున్న ఊళ్ళలో నెల దాటి ఏడాది నిండని పసిపిల్లల చావులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మొదటి కాన్పుల తల్లులకి తక్కువ బరువుతో పుట్టే పిల్లలూ తగ్గారు. కడుపుతో ఉన్నవాళ్ళకి మలేరియా వస్తే ఆ క్రిములు మాయలో పట్టుకుని దాక్కుంటాయి, బిడ్డకి అందాల్సింది సరిగ్గా అందదు. ఒక్కోసారి వేలి రక్తంలో క్రిమి కనపడను కూడా కనపడదు. ఇది చదివాక నేను చాలాసేపు తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

ఇంకో సంగతి. తెరలున్న ఊరికి సుమారు మూడు వందల మీటర్ల లోపల ఉన్న, తెరలు లేని ఇళ్ళకి కూడా కాస్త రక్షణ దొరికిందట. తెర మీద వాలిన దోమ మందు తగిలి చచ్చిపోతే పక్కింటికి పోదు కదా. మరి మా పిన్ని ఇల్లు మాకు ఎదురే. మూడు వందల మీటర్లు కాదు, పది అడుగులు. అయినా వచ్చింది.

అయితే, మా తెర పిన్నికి ఇచ్చి ఉంటే జ్వరం వచ్చేది కాదని నేను చెప్పగలనా? చెప్పలేను. తెరలో పడుకున్నవాళ్ళకీ వస్తుంది, సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు కుట్టి ఉండొచ్చు. రెండు వందల ఊళ్ళ గురించి చెప్పగలిగింది ఒక్క పిన్ని గురించి చెప్పలేం. మా నాన్నకి ఈ లెక్క చెప్తే ఊరట కలుగుతుందనుకున్నాను. ఆయన విని, "అలాగా" అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు తోచింది ఇది. సియాయాలో చీటీలు వేసింది తెలియక. కప్పు మేలు చేస్తుందో లేదో, ఎంత చేస్తుందో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఈ స్కూలుకా ఆ స్కూలుకా అని చీటీ తీయడంలో మోసం లేదు, తర్వాత వాళ్ళని మర్చిపోకుండా ఉంటే. మా వీధిలో చీటీలు వేసింది తెలియక కాదు, చాలక. తెర మేలు చేస్తుందని తెలుసు. కడుపుతో ఉన్నవాళ్ళకి మలేరియా మరీ ప్రమాదమని గోడల మీద కూడా రాసి ఉంటుంది. తెలిసి కూడా అరవై రెండు ఇళ్ళనీ ఒకటే అన్నట్టు బిందెలో వేసి కలిపాం. బిందెలో పేర్లే పడ్డాయి, పిన్ని కడుపు పడలేదు.

పిన్నినే అడిగాను, నీకు కోపం రాలేదా అని. బియ్యం ఏరుతూ చెప్పింది. "చీటీలో రాకపోతే ఎవరేం చేస్తారే? కాకపోతే చీటీ వేసేముందు నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది. నాకు ముందివ్వండి బావగారూ అని నోరు తెరిచి అడిగేదాన్ని. అందరూ చుట్టూ ఉండగా మధ్యలో ఎలా అడుగుతాను?"

పరిశోధనల్లో ఈ వయసు పిల్లల్ని చేర్చుకునేముందు తల్లిదండ్రుల్నే కాదు, పిల్లల్ని కూడా అడగాలట. వద్దంటే వదిలేయాలి. అమ్మకి ఈ మాట కాస్త నచ్చింది. కానీ అందరినీ అడుగుతారని కాదు. కడుపుతో ఉన్నవాళ్ళని కొత్త మందుల పరీక్షల్లోకి చాలాకాలం తీసుకునేవారే కాదు. బిడ్డకి ఏమవుతుందో అన్న భయంతో, మంచికే. దానివల్ల ఏమైంది? మలేరియాకి మిగతావాళ్ళందరికీ ఇచ్చే మంచి మందు మొదటి మూడు నెలల గర్భిణికి ఇవ్వొచ్చో లేదో ఏళ్ళ తరబడి గట్టిగా చెప్పలేకపోయారు. ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2022లో. కాపాడదామని పక్కన పెట్టినా, చీటీలో పేరు రాకపోయినా, ఆ మనిషికి మిగిలేది ఒక్కటే కదా. ఇది మాస్టారితో అంటే ఆయన ఒప్పుకోలేదు. భయపడటం కూడా బాధ్యతే అన్నారు. మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.

కిందటి నెల వీధిలో మళ్ళీ తెరలు కొనాలని మాట్లాడుకున్నారు. ఈసారీ అందరికీ సరిపోవు. నాన్న లెక్క పుస్తకంలో ఇంటి పేర్ల పక్కన రెండు గళ్ళు గీశాడు. ఒకటి కడుపుతో ఉన్నవాళ్ళకి, ఒకటి అయిదేళ్ళలోపు పిల్లలకి. ఆ ఇళ్ళకి ముందు ఇచ్చి, మిగిలినవాటికే చీటీలు. నన్ను అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. మూడో ఇంటి తాత ఆ పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ముసలోళ్ళ గడి ఏదిరా?" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు.