ఇంటి మరమ్మతులో ఆలుమగలు

 

రంజాన్ నెల దగ్గరపడుతుందంటే మన ముస్లిం ఇళ్ళలో ఒక హడావుడి మొదలవుతుంది. ఏడాది పొడుగునా పట్టించుకోని గోడ పెచ్చులు అప్పుడు కంటపడతాయి. పొగచూరిన వంటింటి గోడ, వానకు చెమ్మెక్కిన మూల, గడియ సరిగా పడని తలుపు, చుక్కలు చుక్కలుగా కారే కుళాయి అన్నీ ఒక్కసారే గుర్తుకొస్తాయి. స్తోమత ఉన్నవారు పనివాళ్ళను పిలుస్తారు. అంత కూలీ ఇచ్చుకోలేనివారు, మన ఇంటిని మనమే బాగుచేసుకుందాం అనుకునేవారు ఆలుమగలిద్దరూ కలిసి కుంచె పట్టుకుంటారు. ఈ నెల మేము ఆ ఇద్దరి గురించే కొన్ని మాటలు చెప్పదలిచాము.

దీనికి ఒక కారణం ఉంది. ఒక శుక్రవారం జుమా నమాజు అయ్యాక, అందరూ వెళ్ళిపోయినా ఒక సోదరుడు మా కోసం ఆగాడు. "మౌల్సాబ్, ఇంటి పనిలో భార్యకు సాయపడటం సున్నత్ అని మీరే చెప్పారు కదా. మేమిద్దరం కలిసి ఇంటికి సున్నం వేసుకున్నాం. కానీ పది రోజులుగా ఆమె నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడటం లేదు. నేను చేసిన తప్పేమిటి?" అని అడిగాడు.

నిదానంగా అడిగితే అసలు సంగతి బయటపడింది. అతను నిచ్చెన మీద ఉన్నాడు. ఆమె కింద నుంచి సున్నం బకెట్ అందిస్తోంది. బకెట్ చెయ్యిజారి సున్నమంతా వాకిట్లో ఒలికిపోయింది. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. అంతకు కాసేపటి ముందే వారిలో ఒకరు "ఏం భాయ్, పెళ్ళాంతో కలిసి సున్నం కొడుతున్నావా?" అని నవ్వారట. ఆ నవ్వు అతనిలో గుచ్చుకునే ఉంది. బకెట్ ఒలికేసరికి ఆ రోషమంతా ఆమె మీదికి మళ్ళింది. అందరి ముందూ ఆమెను, ఆమె పుట్టింటివారిని కలిపి తిట్టాడు. ఆమె మారు మాట్లాడలేదు. వాకిలి కడిగి లోపలికి వెళ్ళిపోయింది. గోడలైతే తెల్లబడ్డాయి, కాని ఆ ఇంట్లో మాట నిలిచిపోయింది.

సోదరులారా! ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. మనలో ఎందరి ఇళ్ళలోనో జరిగేదే. అందుకే అతనికి మేము చెప్పిన సమాధానాన్ని మీ ముందు కూడా ఉంచుతున్నాము.

ఇంటి పని నామోషీ కాదు

మొదట ఆ నవ్వు సంగతి చూద్దాం. భార్యతో కలిసి ఇంటి పని చేసే మగవాణ్ణి చూసి నవ్వేవారు దైవప్రవక్త (స) ఇంటిని ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. ఆయన ఇంట్లో ఏంచేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ ఆమె చెప్పారు. ఈ హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, తన బట్టలు తానే కుట్టుకునేవారని ఇతర హదీసుల ద్వారా తెలుస్తోంది. హిజ్రత్ తర్వాత మదీనాలో మస్జిద్ కడుతున్నప్పుడు సహాబాలతో పాటు ఆయన కూడా ఇటుకలు మోశారు. ఆ మస్జిద్ గోడలు పచ్చి ఇటుకలవి. స్తంభాలు ఖర్జూరపు మొద్దులు. పైకప్పు ఖర్జూరపు మట్టలు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) తన ఇంటిని తానే కట్టుకున్నారు. వాననుంచీ ఎండనుంచీ కాపాడే ఆ ఇంటిని దైవప్రవక్త (స) కాలంలో ఎవరి సాయమూ లేకుండా స్వహస్తాలతో నిర్మించుకున్నానని ఆయన చెప్పుకునేవారు. అది ఆయనకు నామోషీ అనిపించలేదు.

స్త్రీల శ్రమ కూడా మన చరిత్రలో దాగిన విషయమేమీ కాదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) తన భర్త హజ్రత్ జుబైర్ (రజి) గుర్రానికి మేత వేసేవారు, నీళ్ళు తెచ్చేవారు, చిరిగిన తోలు బొక్కెనను కుట్టేవారు. భర్త పొలం నుంచి ఖర్జూరపు గింజలను నెత్తిన పెట్టుకుని మూడు కిలోమీటర్లకు పైగా నడిచి తెచ్చేవారు. ఆ బరువు తన భార్య నెత్తిన ఉండటం వల్ల హజ్రత్ జుబైర్ (రజి) మనసు ఎంతో నొచ్చుకుంది. ఇక్కడ మనం గమనించవలసింది ఇదే. భార్య కష్టపడుతుంటే భర్త మనసు కరగాలి. ఆమె చెయ్యి జారినప్పుడు నోరు జారడం ఆ మనసుకు పూర్తిగా వ్యతిరేకం.

పగిలిన పళ్ళెం

ఇక ఒలికిన బకెట్ సంగతికి వద్దాం. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) ఒక భార్య ఇంట్లో ఉన్నారు. అక్కడ ఇంకా కొందరు ఉన్నారు. ఇంతలో మరో భార్య ఒక సేవకుడి చేత పళ్ళెంలో ఆహారం పంపించారు. ఇంట్లో ఉన్న భార్యకు అసూయ కలిగింది. సేవకుడి చేతి మీద కొట్టారు. పళ్ళెం కిందపడి పగిలిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. ఇది చెయ్యిజారి జరిగింది కాదు. పైగా నలుగురి ఎదుట జరిగింది. మనమైతే ఏంచేసేవాళ్ళం? ఆయన (స) ఒక్క కఠినమైన మాట కూడా అనలేదు. వంగి పళ్ళెం ముక్కలను ఏరారు. చెదిరిన ఆహారాన్ని పోగుచేశారు. అక్కడున్నవారితో మీ అమ్మగారికి రోషం వచ్చిందని మాత్రం చెప్పారు. అంటే ఆమెను నిందించడానికి బదులు ఆమె మనసులోని బాధను వారికి అర్థమయ్యేలా చెప్పారు. ఆ తర్వాత సేవకుణ్ణి ఆపి, పగిలిన పళ్ళేనికి బదులు ఒక మంచి పళ్ళెం ఇచ్చి పంపారు. భార్య గౌరవమూ నిలబడింది, నష్టపోయినవారికి న్యాయమూ జరిగింది.

ఆ సోదరునితో మేము ఇదే అన్నాము: "భాయ్, ఆ పళ్ళెం కావాలని కొడితే పగిలింది. నీ బకెట్ పొరపాటున ఒలికింది. నువ్వు నిచ్చెన దిగి, ఆ సున్నం ఎత్తడానికి చెయ్యి వేసి ఉంటే ఆ రోజు రెండు సున్నత్‌లు దక్కేవి. పనిలో సాయం చేయడం ఒక సున్నత్. భార్య పరువు కాపాడటం మరో సున్నత్. నువ్వు మొదటిది పట్టుకుని రెండోదాన్ని వదిలేశావు."

చేసిన దానాన్ని ఎత్తిపొడుపు మాటలతోనూ, ఎదుటివారి మనసు నొప్పించడంతోనూ వృథా చేసుకోవద్దని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో విశ్వాసులను హెచ్చరించింది. చేతిలోంచి ఇచ్చిన ధనానికే ఈ హెచ్చరిక ఉందంటే, ఇంట్లో చేసిన సాయానికి ఎంత జాగ్రత్త అవసరమో మనమే ఊహించుకోవచ్చు. "నీకోసం ఇంత చేశాను" అని పదేపదే గుర్తుచేసే భర్త, "నేను లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేది" అని ఎత్తిపొడిచే భార్య, ఇద్దరూ తమ పుణ్యాన్ని తామే పోగొట్టుకుంటున్నారు. అదే సూరాలో అల్లాహ్ ఆలుమగలను ఒకరికొకరు దుస్తులని పేర్కొన్నాడు. దుస్తుల పని ఒంటిని కప్పడం, లోపాన్ని నలుగురిలో దాచడం. పొరుగువారి ముందు భార్య పొరపాటును చాటేవాడు ఆ దుస్తులను తానే చించుకుంటున్నాడు.

పని మొదలుపెట్టే ముందు

పసిబిడ్డను పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలని ఖుర్ఆన్ నేర్పింది. ఇంటికి ఏం చేయాలో, ఎంత ఖర్చు పెట్టాలో కూడా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే మంచిది. పగలంతా వంటింట్లో గడిపేది ఆమె. అటక ఏ ఎత్తులో ఉండాలో ఆమెను అడగకుండా మేకులు కొట్టడం తెలివైన పని కాదు. అలాగే, నెల జీతం ఎంతో తెలిసి కూడా పక్కింటివారి గోడలను చూసి పట్టుబట్టడం భార్యకు తగదు. గోడల అందం కోసం వడ్డీ అప్పు తీసుకోవడం ఇద్దరికీ ఎంతమాత్రం తగదు. ఖర్చులో దుబారా, పిసినారితనం రెండూ లేకుండా మధ్యే మార్గంలో నడిచేవారే రహ్మాన్ దాసులని ఫుర్ఖాన్ సూరా చెబుతోంది.

అద్దె ఇల్లయితే యజమాని అనుమతి లేనిదే గోడకు రంధ్రం చేయకండి, అది మన చేతిలోని అమానత్. మీ పని వల్ల లేచే దుమ్ము, చప్పుడు పొరుగువారికి బాధ కలిగించకూడదు. పొరుగువాడు మన గోడలో దూలం పెట్టుకోబోతే కాదనవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. పొరుగువారి హక్కు అంత గొప్పది.

పొడిసున్నం కాక రాతి సున్నం తెచ్చుకునేవారు జాగ్రత్తగా ఉండాలి. ముందుగా నీళ్ళు పోసుకుని, అందులో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా ఉడికి పైకి చిమ్ముతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ బకెట్ ఆగదు. పిల్లలను దూరంగా ఉంచండి. కంట్లో పడితే వెంటనే ఎక్కువ నీళ్ళతో చాలాసేపు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కరెంటు పని తెలియకపోతే తెలిసినవారికే అప్పగించండి. చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకోవద్దన్నది కూడా అల్లాహ్ ఆజ్ఞే.

ఇక వుజూ విషయం. ఆయిల్ పెయింటు చేతుల మీద పొరలా అంటుకుని నీటిని చర్మానికి తగలనివ్వదు. దాన్ని కిరోసిన్‌తోనో టర్పెంటైన్‌తోనో తుడిచి, సబ్బుతో కడుక్కున్న తర్వాతే వుజూ చేయాలి. గోళ్ళ దగ్గర గట్టిపడిన సున్నాన్ని కూడా తీసివేయాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి అజాన్ వినిపించాక కాదు, అంతకు ముందే కుంచె కింద పెట్టండి. ఇంటివారి సేవలో ఉండి కూడా నమాజు వేళకు లేచి వెళ్ళిన ప్రవక్త (స) ఆదర్శం ఇక్కడే మనకు పనికొస్తుంది. "ఈ ఒక్క గోడ అయిపోనీ" అన్న మాట వెనుక నమాజు తప్పించే షైతాను ఉన్నాడు.

మట్టి గోడ ముందు ఒక మాట

సోదర సోదరీమణులారా! ఇంటి మరమ్మతు గురించి ఒక హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి), ఆయన తల్లి ఇద్దరూ కలిసి తమ గోడకు మట్టి మెత్తుతున్నారు. దైవప్రవక్త (స) అటుగా వెళుతూ ఇదేమిటని అడిగారు. బాగుచేసుకుంటున్నామని ఆయన జవాబిచ్చారు. అసలు విషయం దీనికన్నా త్వరగా వచ్చేదని ప్రవక్త (స) గుర్తుచేశారు. ఆ గోడ కూలడానికన్నా ముందే మనిషికి మరణం రావచ్చునన్నమాట.

ఇది మరమ్మతు వద్దని చెప్పడం కాదు. మరమ్మతులో మునిగిపోయి మరణాన్ని మరిచిపోవద్దని చెప్పడం. ఈ గోడకు మళ్ళీ వచ్చే రంజాన్‌కు సున్నం వేస్తామో లేదో మనకు తెలియదు. ఈ చేయి మనకు బకెట్ అందించడానికి ఉంటుందో లేదో కూడా తెలియదు. అలాంటప్పుడు ఒలికిన సున్నం కోసం పది రోజుల మాటలను పోగొట్టుకోవడం ఎంత నష్టం!

అలసట తీర్చే మందు కూడా మనకు తెలిసిందే. తిరగలి తిప్పి తిప్పి చేతులు కాయలు కాసిన హజ్రత్ ఫాతిమా (రజి) ఒక సేవకుణ్ణి కోరితే, దైవప్రవక్త (స) ఆ రాత్రి వారి ఇంటికి వచ్చి కూతురికీ అల్లుడికీ ఇద్దరికీ ఒకే పాఠం నేర్పారు. పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించాలి. సేవకుని కన్నా ఇదే మేలని చెప్పారు. పని చేసి అలసిన ఆలుమగలు కోపంతో చెరో వైపు తిరిగి పడుకోకుండా ఈ తస్బీహ్‌తో నిద్రపోతే ఆ ఇంట్లో బర్కత్ ఉంటుంది.

ఆ సోదరుడు తలవంచుకుని అంతా విన్నాడు. "ఇప్పుడేం చేయను?" అన్నాడు. "నలుగురి ముందు నొప్పించావు కదా, నలుగురి ముందే గౌరవించు" అన్నాము. మరుసటి శుక్రవారం మళ్ళీ కలిశాడు. వాకిలి గోడకు రెండో పూత మిగిలి ఉందట. ఆ ఆదివారం ఇరుగుపొరుగువారంతా బయట ఉన్న వేళ చూసి భార్యను పిలిచాడట. "ఆ రోజు తప్పు నాది. నిన్ను అలా అనకూడదు" అని అందరూ వింటుండగానే చెప్పి, ఈసారి బకెట్ తాను పట్టుకున్నాడట. ఆమె వెంటనే నవ్వలేదట. చాలాసేపు మౌనంగా కుంచె ఆడించి, చివరికి "అక్కడ మూల మిగిలింది, చూడండి" అందట. ఆ ఒక్క మాట చెప్తుంటే అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

సున్నం పని చేసినవారికి ఒక సంగతి తెలుసు. తడిగా ఉన్నప్పుడు పూత సరిగా కనిపించదు, గోడ మునుపటిలాగే ఉన్నట్లుంటుంది. ఆరిన తర్వాతే తెలుపు తేలుతుంది. క్షమాపణ కూడా అంతే. చెప్పిన మరుక్షణమే మనసు తెల్లబడాలని తొందరపడకూడదు.

ఓ అల్లాహ్! మా ఇళ్ళలో శాంతిని, మా ఆలుమగల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని నిలుపు. మా చేతులకు పనిలో ఓర్పును, మా నోళ్ళకు కోపంలో అదుపును ప్రసాదించు. ఈ తాత్కాలికమైన ఇళ్ళను బాగుచేసుకుంటూనే పరలోకంలోని శాశ్వత గృహం కోసం పాటుపడే సద్బుద్ధిని మాకు అనుగ్రహించు. ఆమీన్.