ఏ గిన్నెల వండాలె?

పెద్దకూర గురించి నేను చాలా సభల్లో మాట్లాడిన. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండుగ జరిగిన రోజు, రాళ్లు పడుతుంటే ఉరికినోళ్లలో నేనూ ఉన్న. అందుకే ఈ సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది.

పోయినేడు ఒక ఆదివారం, మా బడిలో పనిచేసే చిన్న టీచరమ్మ రెండు కిలోల పందిమాంసం పట్టుకొని మా ఇంటికొచ్చింది. ఎరుకలామె. "అక్కా, తిండికి కులం అంటగట్టిండ్రని మీటింగుల చెప్తవు గద. ఇయ్యాల మీ పొయ్యి మీద ఇది వండుదాం" అన్నది. నవ్వుకుంటనే అన్నది. నాకు మాత్రం కడుపులో తిప్పింది.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా సంచిలో ఎండు తునకలు చూసి ఒక పిల్ల ముఖం ముడిచింది. ఆ ముఖం ఇరవై ఏండ్లయినా నాకు యాదికుంది. ఇప్పుడు నా ముఖం ఎట్లుందో నాకు కనబడదు, ఆమెకు కనబడుతది.

గిన్నె కోసం లేచిన. నా చెయ్యి ఎటు పోయిందో చెప్పాలె. మెట్ల కింద పడేసిన సొట్ట గిన్నె మీదికి పోయింది. వండినంక పారేయొచ్చు గదా అని. ఆమె చూసింది, ఏమనలె. నేను దాన్ని అక్కడే పెట్టి, మా అవ్వ పెద్దకూర వండే సిల్వర్ గిన్నె తీసిన.

వెంట్రుకలు కాల్చి గీకి తెచ్చినా తోలు మీద అక్కడక్కడ నల్లటి మొనలున్నయి. కత్తితో మళ్లీ గీకి, పసుపు రాసి కడిగినం. తోలు కింద వేలెడు మందం తెల్లటి కొవ్వు. పెద్దకూర అలవాటుతో నేను గిన్నెలో గరిటెడు నూనె పోసిన. "నూనెందుకక్కా, దాని కొవ్వులనే అది ఉడుకుతది" అనేలోపే అయిపోయింది. కాసేపటికి రెండు వేళ్ల ఎత్తు కొవ్వు తేలింది. గరిటెతో తీసి తీసి చేతులు నొచ్చినయి. పచ్చి మిగిలితే కడుపులో బద్దెపురుగు పడుతదని గంట దాటి ఉడికించినం.

అప్పుడొచ్చింది మా అవ్వ. "గది నా గిన్నెనా?" అన్నది. "మనం ఏనాడన్న గది ముట్టినమా?" ఆమె ఎదురుగనే. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ పిల్ల మెల్లగా అన్నది: "మా అమ్మ గూడ మీ ఇంట్ల నీళ్లు తాగదు పెద్దమ్మా. మీరు పెద్దకూర తింటరని."

అవ్వ ఆగిపోయింది. "ఎరుకలోళ్లకు గంత నెత్తికెక్కిందా!" అన్నది. ముగ్గురం నవ్వినం, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలె.

అంబేడ్కర్ 1948లో అచ్చయిన 'అంటరానివారు' పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని చూపించిండు. నేను పిల్లలతో అది చదివించిన. కానీ ఊర్లో మా వాడ దాటినంక గుడిసెలున్నయనీ, ఆ గుడిసెలోళ్లను పుట్టుకతోనే దొంగలని ముద్రేసిన 1871 నాటి చట్టం 1952 దాకా బతికిందనీ నాకు చానా ఆలస్యంగా తెలిసింది. నిచ్చెనమెట్ల మీద అందరం పైకే చూసి తిడతం. కాలు కింద ఎవరి నెత్తి మీదుందో చూసుకోం.

తినకపోవడం తప్పా? తప్పు కాదనే అనుకుంటున్న. అరవై ఏండ్లు ముట్టని నాలుకను మా అవ్వ మార్చుకోవాలని నేనెట్లంటా? ఆ ముడిచిన ముఖమే నన్ను సతాయిస్తున్నది. ఇంకొకటి కూడా ఉంది. నేను మొదటి ముక్కను మందుబిళ్ల లెక్క మింగిన. సిద్ధాంతం కోసం తిన్న. ఇంటికొచ్చిన మనిషి కూరను పరీక్ష రాసినట్లు తినడం గౌరవమెట్లయితది? ఆమె గమనించకపోతే బాగుండుననుకున్న. రెండో ముక్క మాత్రం నమిలిన. తోలు జిగురు నచ్చలె. అడుగంటి వేగిన కొవ్వు ముక్కలు నచ్చినయి. అదే చెప్పిన. "గిప్పుడు నిజం చెప్పినవ్" అని ఆ ముక్కలే ఇంకో గరిటె వేసింది.

అవ్వ ఆ రోజు చారన్నమే తిన్నది. మర్నాడు ఆ గిన్నెను బూడిదతో రెండుసార్లు తోమి ఎండలో బోర్లించింది. పాత సామాన్లోనికి వేస్తదేమోనని చూసిన. సాయంత్రం దాంట్లోనే పప్పు పెట్టింది. నేనేమీ అడగలె.