తత్త్వము చెప్పువారి జీతము

విద్యను అమ్ముకొనవచ్చునా యను ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. కేవలము జీవనమునకై శాస్త్రము నేర్చినవానిని జ్ఞానము నమ్ము వర్తకుడని కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఒక పాత్రచే నిందింపజేసెను. ఆ మాటను నేటి యుపాధ్యాయునిపై విసరువారు ఒక సంగతి మరచుచుందురు. విద్య నమ్మరాదన్న ఆ సంఘమే పండితునకు అగ్రహారమో మాన్యమో యిచ్చి గ్రాసము చూపెడిది. జనకుని సభలో వాదము మొదలు కాకముందే యాజ్ఞవల్క్యుడు ఆవులను తోలుకొని పొమ్మని శిష్యునితో చెప్పిన కథ మన మెరిగినదే. బ్రహ్మవేత్తకును పాడి కావలెను.

ఈ ప్రశ్న నేడు అమెరికాలోని కాథలిక్కు విశ్వవిద్యాలయములలో తీక్ష్ణముగా వినవచ్చుచున్నది. మన కుటుంబముల బిడ్డలు పలువురు చెన్నపట్నపు లొయోలాలోను, బెంగుళూరు సెంటు జోసెఫులోను, ముంబయి సెంటు జేవియరులోను చదివినవారు. ఆ గురువుల శ్రద్ధ మనకు తెలియనిది కాదు. కావున పరాయి యింటి తప్పులెన్నుట మా యుద్దేశము కాదని ముందుగనే మనవి చేయుచున్నాము.

ఆ విద్యాలయములలో పెక్కింట, వాణిజ్యము చదువవచ్చినవారైనను, రోగుల పరిచర్య నేర్వవచ్చినవారైనను, కొంత తత్త్వశాస్త్రము చదువక పట్టము పొందజాలరు. బోస్టను కాలేజీలో ప్రతి విద్యార్థియు తత్త్వశాస్త్రమున రెండును, దైవశాస్త్రమున రెండును పాఠక్రమములు ముగింపవలెను. 1599 నాటి జెస్యూటుల విద్యాప్రణాళికలోనే తత్త్వమునకు పీట వేయబడినది. 1879లో పదమూడవ లియో పోపు ఒక లేఖ వ్రాసి థామస్ అక్వినాసు తత్త్వమును పునఃప్రతిష్ఠించెను. విచారణ విశ్వాసమునకు శత్రువు కాదను ఆ సంప్రదాయపు పట్టును మేము మనసార మెచ్చుచున్నాము.

అయితే అందరును చదువవలెనన్నచో చెప్పువారు పలువురు కావలెను. ఆ భారములో కొంత పాఠక్రమమున కింతయని పుచ్చుకొను తాత్కాలికోపాధ్యాయులపై పడుచున్నది. రాబోవు అర్ధవత్సరమున పిలుపు వచ్చునో రాదో వారికే తెలియదు. తరగతి గంటలు లెక్కకు వచ్చును. వ్యాసములు దిద్దు రాత్రులు రావు. కొందరు పూట కొక కళాశాలకు పరుగిడుదురు. ఇట్టి తరగతులలో తొలుత చెప్పు గ్రంథములలో ప్లేటో వ్రాసిన సోక్రటీసు విచారణ యొకటి. అందు సోక్రటీసు తాను రుసుము పుచ్చుకొనలేదనియు, తన పేదరికమే దానికి సాక్షి యనియు న్యాయాధిపతులకు విన్నవించును. ఆ ఘట్టమును వివరించునప్పుడు ఇంటి యద్దె గుర్తునకు వచ్చిన యుపాధ్యాయుని ముఖమెట్లుండునో పాఠకులే యూహింతురు గాక.

నష్టము ఉపాధ్యాయునిది మాత్రమే కాదు. తరగతిలో పుట్టిన సంశయము ఆ యేటనే తీరునను నియమము లేదు. దేవుడున్నాడా, నాకు స్వేచ్ఛ కలదా యని కలవరపడిన పడుచువాడు మరుసటి యేడు వచ్చి గురువు గది తలుపు తట్టినచో, ఆ గదిలో మరియొకరుందురు; గదియే లేని గురువులును కలరు.

తత్త్వమునకు పీటవేసిన ఆ లియో పోపే 1891లో కార్మికులను గూర్చి వేరొక లేఖ వ్రాసెను. ఇరుపక్షములు ఒప్పుకొన్నంత మాత్రమున కూలి న్యాయమైనది కాదనియు, వేరుదారి లేక ఒప్పుకొన్నవాడు అన్యాయమునకు గురియైనవాడే యనియు అందలి భావము. వేరు జీవనాధారము కలిగి, ముచ్చటకై ఒక తరగతి చెప్పు న్యాయవాది మాట వేరు. ఆ జీతమే యాధారమైనవానికి ఈ రెండవ లేఖ వర్తింపదా?

పిట్స్‌బర్గులోని డ్యుకేను విశ్వవిద్యాలయమున 2012లో ఒక కళాశాలకు చెందిన తాత్కాలికోపాధ్యాయులు ఉక్కు కార్మికుల సంఘములో చేరుటకు ఓటు వేసిరి. మతసంస్థపై ప్రభుత్వ కార్మికమండలి కధికారము లేదని విశ్వవిద్యాలయము వాదించెను. 2020లో అప్పీలు న్యాయస్థానము ఆ వాదమునే యంగీకరించెను. జార్జిటౌను విశ్వవిద్యాలయమును కాథలిక్కులదే. అచ్చట 2013లో ఉపాధ్యాయులు సంఘమును కోరగా యాజమాన్యము అడ్డుపడలేదు. మతమొకటే, నడత రెండు విధములు. మొదటిదాని వాదమును మేము తేలికగా త్రోసివేయజాలము. సంస్థ తనను తాను నడుపుకొను స్వేచ్ఛ విలువ అల్పసంఖ్యాకులమైన మనకు బాగుగ తెలియును. మన రాజ్యాంగపు 30వ అధికరణము మతాల్పసంఖ్యాకులకు వలెనే భాషాల్పసంఖ్యాకులకును పాఠశాలలు స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. అయినను ఢిల్లీలోని ఒక అల్పసంఖ్యాక పాఠశాల యుద్యోగుల వ్యాజ్యమున 1986లో మన సుప్రీముకోర్టు, ఇతర పాఠశాలలతో సమానముగ జీతమిచ్చుట వలన ఆ హక్కునకు భంగము రాదని తీర్పు చెప్పెను.

మన సంఘములును తెలుగు తరగతులు నడుపుచున్నవి గదా. పిల్లలకు తెలుగు తప్పనిసరి యని వేదికలపై చెప్పుచున్నాము. చెప్పిన పంతులుగారికి ఉగాదినాడు శాలువ కప్పుచున్నాము. నెలకు వారికేమి ముట్టుచున్నదో జమాఖర్చుల పుటలో నొకమారు వెదకి చూడవలసియున్నది.