మాట్లాడే హక్కు, జవాబు చెప్పే చోటు

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం 1900 నవంబరులో ఎడ్వర్డ్ రాస్ అనే సామాజిక శాస్త్ర ఆచార్యుణ్ణి ఉద్యోగం నుంచి సాగనంపింది. నగరాల్లో ట్రాముల వంటి సౌకర్యాలు ప్రజల చేతిలోనే ఉండాలని ఆయన వాదించేవాడు. ఆ ఏడాది మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కార్మిక సభలో, జపాన్ కూలీలను దేశంలోకి రానివ్వకూడదని ప్రసంగించాడు. వ్యవస్థాపకురాలు జేన్ స్టాన్‌ఫోర్డ్‌కు ఈ రెండూ నచ్చలేదు. ఆమె భర్త లీలండ్‌ది సెంట్రల్ పసిఫిక్ రైల్వే సంపద. ఆ పట్టాలు వేసినవారిలో వేలాది చైనా కూలీలున్నారు. ట్రస్టీల అధికారమంతా అప్పట్లో ఆమెదే. రాస్‌ను నిలబెట్టుకోవాలని కొంతకాలం ప్రయత్నించిన అధ్యక్షుడు డేవిడ్ స్టార్ జోర్డన్ చివరకు తలొగ్గాడు. నిరసన తెలిపిన చరిత్రకారుడు జార్జ్ హోవర్డ్ కూడా వెళ్లిపోవలసి వచ్చింది. తత్వశాస్త్రం బోధించే ఆర్థర్ లవ్‌జాయ్ రాజీనామా చేశాడు.

ఆ లవ్‌జాయే 1915లో జాన్ డ్యూయీ తదితరులతో కలిసి అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘాన్ని స్థాపించాడు. పరిశోధించడానికి, బోధించడానికి, బయటి సభల్లో పౌరుడిగా మాట్లాడడానికి అధ్యాపకుడికి స్వేచ్ఛ ఉండాలని సంఘం అదే ఏడాది ప్రకటించింది. అతని పాండిత్యంపై తీర్పు సాటి విద్వాంసులది, జీతమిచ్చేవారిది కాదు. ఇది పౌరులందరి వాక్స్వాతంత్ర్యం వంటిదే అనుకోకూడదు. భూమి బల్లపరుపుగా ఉందని ఎవరైనా వీధిలో చెప్పవచ్చు. భూగోళం బోధించే ఆచార్యుడు తరగతిలో అదే చెబితే సాటివారు నిలదీస్తారు, నిలదీయాలి కూడా.

చిక్కుముడి రాస్ ప్రసంగంలోనే ఉంది. అమెరికాలో అధ్యాపక స్వేచ్ఛకు పునాదిగా చెప్పుకునే ఈ ఉదంతంలో మనిషిని అతని జాతిని బట్టి కొలిచే మాట ఉంది. అది తప్పు మాటే. అయినా దాని తప్పొప్పులు తేల్చే పని ఒక ధనవంతురాలి ఇష్టాయిష్టాలకు వదిలితే, ట్రాముల గురించిన సరైన మాట కూడా ఆ వేటుకే బలవుతుంది. జరిగింది అదే. పైగా ఆ అధికారమే 1899లో విద్యార్థినుల సంఖ్య 500 దాటరాదని గిరి గీసింది. నోరు మూయించిన చేయి, తలుపు మూసిన చేయి ఒకటే.

రాస్ ఎవరిని గురించి మాట్లాడాడో ఆ వలస కూలీలకు ఆ సభలోనూ, ఆచార్యుల పీఠాల్లోనూ చోటు లేదు. వాళ్లకంటే ముందు వచ్చిన చైనా కూలీల ప్రవేశాన్నయితే 1882 నాటి చట్టమే నిషేధించింది. తమ గురించిన మాటకు జవాబు చెప్పే వీలే వాళ్లకు లేకపోయింది. అందుకే, అందరికీ చోటివ్వడం స్వేచ్ఛకు అడ్డు అనే వాదన నిలవదు. ఎవరిపై సిద్ధాంతం కడుతున్నారో వాళ్లే లేచి ప్రశ్నించగలిగినప్పుడే ఆ సిద్ధాంతానికి అసలు పరీక్ష. చోటంటే ప్రవేశపత్రం ఒక్కటే కాదు. ఉపకారవేతనం, వసతిగృహం, అర్థమయ్యే భాషలో పాఠం, ఎదురు చెప్పినా మార్కులు తగ్గవన్న ధీమా అన్నీ కావాలి. బెదిరింపు, వెంటపడి వేధించడం, కులమో రంగో చూసి మార్కులు వేయడం అభిప్రాయాల కిందికి రావు. వాటిని శిక్షించినందువల్ల ఏ వాదనకూ నష్టం లేదు.

రాస్ ఆ తర్వాత చైనా వెళ్లి, అక్కడ తిరిగి చూసి, పుస్తకం రాశాడు. 1936లో వెలువడిన ఆత్మకథలో, ఉత్తర ఐరోపా జాతులే గొప్పవన్న పాత నమ్మకాన్ని వదిలేశానని చెప్పుకున్నాడు.