డిక్కీలో అపరిగ్రహం

పతంజలి చెప్పిన ఐదు యమాల్లో చివరిది అపరిగ్రహం, అవసరానికి మించి పోగేసుకోకపోవడం. కారు కొనేటప్పుడు దానికి కొలత దొరుకుతుంది. స్విఫ్ట్, డిజైర్ కార్ల వీల్‌బేస్ ఒకటే, 2,450 మిల్లీమీటర్లు, ఇంజనూ ఒకటే. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు 2006 బడ్జెట్ పన్ను తగ్గించింది. ఆ కొలతలో రెండూ చిన్నవే. ప్రధానంగా మిగిలే తేడా డిక్కీ: స్విఫ్ట్‌కు 265 లీటర్లు, డిజైర్‌కు 382. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరిగే చోటుకు అదనంగా డబ్బు కడుతున్నామంటే, కొంటున్నది చాలావరకు ఇరుగుపొరుగు చూపునే.

గృహస్థుకు సన్న్యాసి నియమాలేమిటని అడగవచ్చు. యమాలను దేశకాలాలకు అతీతమైన మహావ్రతమన్నది పతంజలే. అయితే అవసరం అందరికీ ఒకటి కాదు. నాన్నగారి చక్రాల కుర్చీ వారం వారం ఆసుపత్రికి వెళ్లాలంటే పెద్ద డిక్కీ ఆడంబరం కాదు. సంక్రాంతికి ఒక్కసారి ఊరెళ్లే సామాను మాత్రం ఆ లెక్కలోకి రాదు. దానికి పైన క్యారియర్ చాలు.