పాఠ్యగ్రంథం - పక్షపాతం

పాఠ్యగ్రంథాల్లో రాజకీయాలు వుండరాదని వాదించే పెద్దలు మన కళాశాలల్లో కొల్లలు. రాజుగారి దిగ్విజయాన్ని వర్ణించే ప్రబంధఘట్టం వారి దృష్టిలో శుద్ధసాహిత్యం. కూలిరేట్ల మీద కథ ఒకటి పెడదామంటే మాత్రం అది రాజకీయం. కోటలో పుట్టిన రాజకీయం పాతబడితే సాహిత్యమవుతుంది కాబోలు! వేల పుస్తకాల్లోంచి పదింటిని యేరే పని యేదో ఒక దృక్పథం లేకుండా జరగదు. యింతవరకు మనలో మనకు పేచీ లేదు.

పేచీ అంతా తరువాతి మెట్టు మీద వుంది. యేరికలో పక్షపాతం తప్పదు గనుక, వాళ్లు అధికారంలో వుంటే వాళ్ల పుస్తకం, మనం వుంటే మన పుస్తకం - యిది న్యాయమేనా? మన మిత్రుల్లో చాలామంది అవునంటారు. నేను కాదంటాను.

రామ్‌శరణ్ శర్మ పదకొండో తరగతికి రాసిన ప్రాచీన భారతదేశ చరిత్ర 1977లో వెలువడింది. 1978లో, జనతా ప్రభుత్వ కాలంలో, దాన్ని పాఠ్యప్రణాళిక నుంచి తొలగించారు. 2001లో కేంద్ర సెకండరీ విద్యాబోర్డు మరో అడుగు ముందుకు వేసింది. శర్మ, రొమిలా థాపర్ మొదలైనవారి పుస్తకాల్లో కొన్ని పేరాలు కొట్టివేసి, వాటిని బోధించరాదు, తరగతిలో చర్చించనూరాదు అని బడులకు ఉత్తరువు పంపింది. వేదకాలంలో గోమాంసం తినేవారన్న ప్రస్తావన వాటిలో ఒకటి. కొట్టివేత కన్న ఆ రెండో మాటే నాకు భయంకరంగా తోస్తుంది. పేరా పోతే ఉపాధ్యాయుడు నోటితో చెప్పగలడు. చర్చే పోతే, పోయినదేదో కూడా పిల్లవాడికి తెలియదు.

దీన్ని మనం ఖండించాం. మంచిదే. మరి ఫదేయెవ్ 'యంగ్ గార్డ్' సంగతేమిటి? 1946లో వచ్చిన ఆ నవలలో, నాజీలను యెదిరించిన కుర్రవాళ్లకు దారి చూపిన పార్టీ సరిగా కనబడలేదని 1947లో విమర్శ వచ్చింది. రచయిత తిరగరాసి 1951లో మళ్లీ వెలువరించాడు. సోవియట్ బడిపిల్లలు దశాబ్దాలపాటు చదివింది ఆ సవరించిన ప్రతినే. కుర్రవాళ్లు తమంత తామే లేచి నిలిచారంటే పార్టీకి వచ్చిన నష్టమేమిటో నాకు యీనాటికీ అంతుపట్టదు.

నేను ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటి వుంది. ఒక పాఠ్యనిర్ణయ సంఘంలో నేను సభ్యుణ్ణి. ఒక మంచి కథను, దాని రచయిత మన వుద్యమాన్ని యెగతాళి చేసేవాడన్న కారణంతో, 'శైలి పాతది' అని చెప్పి తప్పించాను. అసలు కారణం చెప్పివుంటే యెవరో ఒకరు వాదించేవారు. బహుశా నేను ఓడిపోయేవాణ్ణి. అందుకే చెప్పలేదు. చర్చించరాదని ఉత్తరువు పంపిన బోర్డుకూ నాకూ వున్న తేడా, నాకు ముద్ర లేకపోవడమే.

ఆ స్థానంలో నేను ప్రతిపాదించిన కథనే ఆ యేడు నా తరగతిలో చెప్పాను. చివరి వరసలోంచి ఒక కుర్రవాడు లేచి, "యీ కథే యెందుకు పెట్టారండీ?" అని అడిగాడు. నేను శైలి గురించి మాట్లాడాను.